రెడ్ లేబుల్ జూడోగి: యూనివర్సిటీ గేమ్స్‌కు వెళ్లే ముందు కొనేవాళ్ల కోసం

ప్రపంచ యూనివర్సిటీ గేమ్స్‌లో జూడో ఆడబోయే విద్యార్థి కిట్‌లో అన్నిటికంటే ఖరీదైన వస్తువు జూడోగి, అంటే ఆటలో వేసుకునే జాకెట్, ప్యాంటు, బెల్ట్. అదీ ఒకటి సరిపోదు, తెల్లది ఒకటి, నీలం ఒకటి ఉండాలి. రోజూ ప్రాక్టీసుకు వేసుకునే పల్చటి డ్రెస్‌తో పోలిస్తే ఒక్కో దానికి రెండు మూడింతల ధర పడుతుంది. అంత పెట్టి కొన్నది పోటీ రోజు కంట్రోల్ టేబుల్ దగ్గర (బౌట్‌కు ముందు డ్రెస్ కొలిచి చూసే చోటు) తిరస్కరణకు గురైతే బాధ డబ్బుతో ఆగదు.

ఈ సమీక్ష ఒక్క కంపెనీ సరుకు గురించి కాదు. అంతర్జాతీయ జూడో ఫెడరేషన్ (ఐజేఎఫ్) అనుమతి పొంది, ఎర్ర లేబుల్‌తో వచ్చే పోటీ జూడోగిలన్నిటి గురించి. మిజునో యూషో, అడిడాస్ ఛాంపియన్ లాంటివి ఈ కోవలోవే. గ్రీన్‌హిల్, డేడో, ఇప్పాన్ గేర్, కుసాకురా కూడా ఈ తరగతి సరుకు అమ్ముతాయి. వీటి మధ్య తేడాలు ఉన్నాయి గానీ, పోటీకి పనికొస్తుందా రాదా అని తేల్చేది ఆ తేడాలు కావు. లేబుల్ హామీ ఇచ్చేది గుడ్డకు, కుట్టుకు. అది మీ ఒంటి మీద ఎలా కూర్చుంటుందో లేబుల్‌కు సంబంధం లేదు. కంట్రోల్ దగ్గర వెనక్కి వచ్చే డ్రెస్‌లలో చాలావాటికి లేబుల్ సరిగ్గానే ఉంటుంది, పొట్టిదయ్యేది స్లీవే.

ముందు లేబుల్ సంగతి. ఎర్ర లేబుల్ జాకెట్ మీద, ప్యాంటు మీద, బెల్ట్ మీద విడివిడిగా ఉంటుంది. మూడూ ఉండాలి. జాకెట్, ప్యాంటు కొత్తవి కొని, కలిసొచ్చిందని పాత బెల్ట్ కట్టుకుని వెళ్లడం తరచూ కనిపించే పొరపాటు. కంట్రోల్‌లో లేబుల్‌ను ప్రత్యేకమైన దీపం కింద పెట్టి అసలుదో కాదో చూస్తారు కాబట్టి, చవగ్గా దొరికే నకిలీ సరుకు కంటికి ఎంత అచ్చంగా కనిపించినా అక్కడ దొరికిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొంటే పాత నీలం లేబుల్ ఉన్నవి వద్దు. లేబుల్ అంచు ఊడి ఉన్నా, కుట్టు విప్పి మళ్లీ కుట్టినట్టున్నా అదీ వద్దు.

యూనివర్సిటీ గేమ్స్‌లో జూడో మొదటిసారి 1967 టోక్యోలో కనిపించింది. ఇప్పుడు ఐజేఎఫ్ నియమాల ప్రకారమే నడుస్తుంది. 2025 జులైలో జర్మనీలో రైన్-రూర్ గేమ్స్ జరిగినప్పుడు జూడోకు వేదిక ఎస్సెన్. తర్వాతివి 2027 ఆగస్టులో దక్షిణ కొరియాలోని చుంగ్‌చోంగ్ ప్రాంతంలో. ప్రతి గేమ్స్‌కూ నిర్వాహకులు టెక్నికల్ హ్యాండ్‌బుక్ విడుదల చేస్తారు. లేబుల్, వెనక ప్యాచ్ (వీపు మీద పేరు, దేశం కోడ్ ఉండే గుడ్డ), ప్రకటనల గురించి అందులో ఏముందో చదివాకే డబ్బు తీయండి. టీమ్ మేనేజర్ చూసుకుంటాడులే అని వదిలేస్తే, ఆయన ముందున్న సవాలక్ష పనుల్లో ఇది చివరిది అవుతుంది.

ఇక అసలు విషయం, కొలతలు. కంట్రోల్ టేబుల్ దగ్గర సోకుటేకి అనే కొలత పరికరం ఉంటుంది. కాలర్ మందం, కాలర్ వెడల్పు, స్లీవ్ లోపలి ఖాళీ దాంతోనే చూస్తారు. కాలర్ మందం 1 సెం.మీ. దాటకూడదు, వెడల్పు 5 సెం.మీ. మించకూడదు. ఈ రెండూ కంపెనీ చేతిలో ఉన్నవి. ఎర్ర లేబుల్ ఉన్న సరుకులో ఇక్కడ ఇబ్బంది దాదాపు రాదు. మిగతావన్నీ మీ శరీరాన్ని బట్టి మారేవే.

స్లీవ్‌కు, చేతికి మధ్య మొదటి నుంచి చివరి దాకా 10 నుంచి 15 సెం.మీ. ఖాళీ ఉండాలి. పొడవు మణికట్టు కీలు దాకా రావాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, కారణం ఇదీ. షాపులోనో ఇంట్లో అద్దం ముందో డ్రెస్ వేసుకుని చేతులు కిందికి వదిలి చూసుకుంటారు. మణికట్టు మూసుకుపోయి ఉంటుంది, భేష్ అనుకుంటారు. కంట్రోల్‌లో మాత్రం రెండు చేతులూ భుజాల ఎత్తున ముందుకు చాపమంటారు. చేతులు లేవగానే వీపు మీది గుడ్డ బిగుసుకుంటుంది, స్లీవ్ వెనక్కి జారుతుంది. భుజాలు, వీపు కండలు బాగా పెరిగిన ఆటగాళ్లకు ఈ జారుడు 2, 3 సెం.మీ. దాకా ఉంటుంది. మణికట్టు ఎముక బయటపడితే డ్రెస్ మార్చమంటారు. అందుకే సైజు చూసేటప్పుడు చేతులు చాపి, పక్కన ఇంకొకరిని స్కేలు పట్టుకోమనండి. ఖాళీని కూడా మణికట్టు దగ్గర కొలిచి వదిలేయకుండా, మోచేతికి పైన కండ లావుగా ఉన్న చోట కూడా చూడాలి. బరువు తరగతి పెరిగే కొద్దీ ముందు బిగుసుకునేది అక్కడే.

జాకెట్ ముందు భాగం పక్కటెముకల కింది చివర దగ్గర ఒక వైపు మీద ఇంకో వైపు కనీసం 20 సెం.మీ. పడాలి. ఎడమ వైపు పైకి రావాలి, ఇది మగవాళ్లకూ ఆడవాళ్లకూ ఒకటే. కాలర్ రెండు పట్టీలు కలిసే చోటుకు, ఛాతీ ఎముక పై కొనకు మధ్య దూరం 10 సెం.మీ. లోపు ఉండాలి. 100 కేజీల పైబడిన పురుషులు, 78 కేజీల పైబడిన మహిళలు ఈ రెండు కొలతలనూ ముందు చూసుకోవాలి. వాళ్ల విషయంలో స్లీవ్ సరిపోయిన సైజు పొట్ట దగ్గర సరిపోకపోవడం మామూలే. జాకెట్ కింది అంచు పిరుదులను పూర్తిగా కప్పాలి. ప్యాంటు అంచు చీలమండకు పైన 5 సెం.మీ. లోపే ఉండాలి, మోకాలి దగ్గర 10 నుంచి 15 సెం.మీ. ఖాళీ కావాలి. తొడలు లావుగా ఉన్నవాళ్లు మోకాలి ఖాళీని కూర్చుని కాకుండా నిలబడి చూడాలి.

తప్పితే ఏమవుతుంది? నిర్వాహకుల దగ్గరున్న రిజర్వ్ డ్రెస్ ఇస్తారు. అది అందరికీ ఉద్దేశించింది కాబట్టి ఎవరికీ సరిగ్గా నప్పదు. వెడల్పు ఎక్కువ, ప్రత్యర్థికి పట్టు సులువు. దాంతోపాటు మీ కోచ్ ఆ రోజంతా టటామి (ఆట జరిగే చాప) పక్కన కుర్చీలో కూర్చునే హక్కు పోగొట్టుకుంటాడు. మళ్లీ అదే జరిగితే పోటీ ముగిసేదాకా అంతే. నాలుగు నిమిషాల బౌట్‌లో ఆటకు విరామం పడినప్పుడు పక్క నుంచి వచ్చే ఒక్క మాట విలువ ఎంతో ఆడేవాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇంత కఠినం ఎందుకని కొందరు విసుక్కుంటారు. స్లీవ్ బిగుతుగా, పొట్టిగా ఉంటే ప్రత్యర్థికి వేళ్లు పెట్టి పట్టే గుడ్డే దొరకదు. పట్టు లేకపోతే విసురు లేదు, విసురు లేకపోతే జూడో లేదు. పైగా స్లీవ్ చివర లోపలికి వేళ్లు దూర్చి పట్టడం షిడో (రిఫరీ ఇచ్చే పెనాల్టీ) కాబట్టి, పైనున్న గుడ్డ ఉండాల్సినంత ఉండి తీరాలి. నియమంలో తప్పు పట్టడానికేమీ లేదు. తప్పు పట్టాల్సింది కంపెనీల సైజు చార్టుల్ని.

సైజు చార్టులు ఈ సరుకులో అన్నిటికంటే బలహీనమైన భాగం. ఎక్కువ చార్టులు ఎత్తును బట్టి ఉంటాయి. 175 సెం.మీ. ఎత్తున్న 66 కేజీల మనిషికీ, అదే ఎత్తున్న 90 కేజీల మనిషికీ ఒకే సైజు చూపిస్తే ఎవరో ఒకరు మునుగుతారు. కొన్ని కంపెనీలు ఒకే ఎత్తుకు సన్నటి కట్, మామూలు కట్ అని రెండు రకాలు ఇస్తాయి. ఇది మంచి పద్ధతి. కానీ సన్నటి కట్ అనగానే ప్రత్యర్థికి పట్టు దొరకదన్న ఆశతో ఎగబడేవాళ్లే ఎక్కువ. వీపు దగ్గర బిగుతుగా ఉన్న జాకెట్ పై పట్టును కొంత కష్టం చేస్తుంది, నిజమే. దానికి చెల్లించే మూల్యం కూడా ఉంది: చేతులు చాపినప్పుడు స్లీవ్ ఇంకా ఎక్కువ జారుతుంది. 10 సెం.మీ. అంచున ఉన్న స్లీవ్ ఇంకో ఉతుకు చూస్తే 9.5 అవుతుంది. మా సలహా, ఖాళీ కనీసం 12 సెం.మీ. ఉండేలా చూసుకోండి.

ఈ ఉతుకు సంగతే ఇప్పుడు. పోటీ జూడోగి గుడ్డ చదరపు మీటరుకు 650 నుంచి 750 గ్రాముల బరువుండాలి. ఇంత మందపాటి నేత, అందులో ఎక్కువ పాళ్లు నూలు. నీళ్లు తగలగానే ముడుచుకోక మానదు. ముందే ముడిపించామని కంపెనీ రాసినా కొంత మిగిలే ఉంటుంది. ముడిపించని నూలు గుడ్డ మొదటి ఉతుకుల్లో 3 నుంచి 5 శాతం తగ్గితే ఆశ్చర్యపోనక్కర్లేదు. మెడ వెనక మధ్య నుంచి స్లీవ్ చివరి దాకా 80 సెం.మీ. ఉన్న జాకెట్‌లో 4 శాతం అంటే 3.2 సెం.మీ. మణికట్టును మూసిన స్లీవ్, మణికట్టు దాటి పైకి పోవడానికి అది చాలు.

కాబట్టి కొత్త జూడోగితో చేయాల్సిన పని ఒక వరసలో ఉంటుంది. పొట్లం విప్పగానే, నీళ్లు తగలక ముందే, నేల మీద చదునుగా పరిచి నాలుగు కొలతలు రాసుకోండి: మెడ మధ్య నుంచి స్లీవ్ చివరికి, స్లీవ్ చివర వెడల్పు, జాకెట్ వెనక పొడవు, ప్యాంటు బయటి పొడవు. తర్వాత సబ్బు లేకుండా చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేయండి. పూర్తిగా ఆరాక కొలవండి. ఆ పైన 30 డిగ్రీల నీళ్లలో ఉతకడం, ఆరేయడం, కొలవడం. వరసగా రెండుసార్లు కొలత మారకపోతే ముడుత ఆగినట్టు. సాధారణంగా మూడు, నాలుగు ఉతుకుల్లో తేలిపోతుంది. ఇంకా పొడవు ఎక్కువనిపిస్తే 40 డిగ్రీల నీళ్లలో ఒకసారి వేసి చూడొచ్చు. డ్రయ్యర్ జోలికి మాత్రం పోవద్దు. అందులో ముడుత చెప్పిన మాట వినదు, స్లీవ్ ఒక్కసారిగా రెండు వేళ్లు పోతుంది, మళ్లీ సాగదీసే మార్గం లేదు.

తెల్లదీ నీలమూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి కొన్నా రెండూ ఒకేలా ముడుచుకుంటాయని అనుకోకండి. ఒకదానికి తెల్లదనం కోసం చేసే ప్రక్రియ, ఇంకోదానికి రంగు వేసే ప్రక్రియ వేరు కాబట్టి షాపుకు వచ్చేసరికే రెండింటి గుడ్డ వేర్వేరు స్థితిలో ఉంటుంది. దేని కొలతలు దానివి విడిగా రాసుకోండి. తెల్లది సరిపోయిందని నీలాన్ని నేరుగా బ్యాగులో పెట్టుకుని వెళ్లేవాళ్లకు సగం బౌట్లు నీలంలోనే ఉంటాయన్నది గుర్తుండదు. డ్రాలో ముందు పేరున్న ఆటగాడికి తెలుపు, రెండో ఆటగాడికి నీలం. ఏది వస్తుందో మీ చేతిలో లేదు, బౌట్‌కు బౌట్‌కు మారొచ్చు కూడా.

నీలం రంగు ఆటలోకి వచ్చింది మరీ పాత కాలంలో ఏమీ కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఓపెన్ విభాగం గెలిచిన డచ్ ఆటగాడు ఆంటోన్ గీసింక్ 1986లో ఈ ప్రతిపాదన తెచ్చాడు. జపాన్ గట్టిగా వ్యతిరేకించింది. 1997లో ఐజేఎఫ్ ఒప్పుకుంది. చూసేవాళ్లకూ రిఫరీకీ మేలే జరిగింది గానీ, విద్యార్థి జేబుకు ఖర్చు రెట్టింపయింది.

నేత విషయానికొస్తే ఈ తరగతి సరుకుకు నిస్సందేహంగా మంచి మార్కులు వేయొచ్చు. జాకెట్‌లో బెల్ట్‌కు పైభాగం గింజ గింజగా కనిపించే దట్టమైన నేత, కిందిభాగం వజ్రాకారపు గళ్ల నేత. లాగుడంతా పైభాగానికే కాబట్టి ఈ ఏర్పాటు సబబు. భుజాల మీద, చంకల కింద, పక్క చీలికల పైకొన దగ్గర అదనపు గుడ్డ వేసి కుట్టి ఉండాలి. కొనేటప్పుడు లోపలి వైపు తిప్పి చూడాల్సింది ఈ మూడు చోట్లే. సాధారణంగా చిరుగు మొదలయ్యేది చంక దగ్గర కుట్టులో. ప్యాంటులో మోకాలి మీది రెండో పొర కింది అంచు దాకా వచ్చిందో లేదో చూడండి. పొర మోకాలి కిందే ఆగిపోతే, ఆ కుట్టు గీత సరిగ్గా నేలకు రాసుకునే చోట పడి ముందు తెగుతుంది.

కొత్తలో గుడ్డ అట్టలా బిగుసుకుని ఉంటుంది. కాలర్ మరీ మొండిది. ప్రత్యర్థికి పట్టు కష్టమని కొందరు పోటీకి కొత్త డ్రెస్ దాచుకుంటారు. ఆ బిగుతు ఇద్దరికీ వర్తిస్తుందన్నది మరిచిపోతారు. కాలర్ మెడ పక్కన చర్మాన్ని గీరేస్తుంది, విసరడానికి లోపలికి తిరిగేటప్పుడు భుజం దగ్గర గుడ్డ అడ్డం పడుతుంది. కనీసం ఆరేడు ప్రాక్టీసు సెషన్లలో గట్టిగా వాడిన తర్వాతే పోటీకి తీసుకెళ్లడం మేలు. అలాగని ఏడాదంతా అదే వేసుకుని అరగదీస్తే మోచేతుల దగ్గర గుడ్డ పల్చబడుతుంది, చిరిగిన డ్రెస్‌తో టటామి ఎక్కనివ్వరు.

జాకెట్ కింది భాగం గురించి చార్టుల్లో ఎక్కడా కనిపించని మాట ఒకటి. నియమం కోసం పిరుదులు కప్పితే చాలు. ఆట కోసం అంతకంటే కొంచెం కిందికి ఉండటం మంచిది. పొట్టి జాకెట్ రెండు పట్టుల్లోనే బెల్ట్ నుంచి ఊడి పైకి వస్తుంది, రిఫరీ ఆపి సర్దుకోమంటాడు. కావాలని డ్రెస్ చెదరగొట్టి సమయం తీస్తున్నారని రిఫరీకి అనిపిస్తే షిడో. మూడు షిడోలైతే బౌట్ పోయినట్టే.

బెల్ట్ వెడల్పు 4 నుంచి 5 సెం.మీ., ముడి వేశాక రెండు కొసలూ 20 నుంచి 30 సెం.మీ. మధ్య వేలాడాలి. నున్నటి మెరుపు గుడ్డతో వచ్చే బెల్టులు ఫొటోల్లో బాగుంటాయి, బౌట్ మధ్యలో ముడి జారిపోతుంది. మామూలు నూలుదే తీసుకోండి. పోటీ వారంలో తూకం కోసం 3, 4 కేజీలు తగ్గేవాళ్లకు నడుము సన్నబడి కొసలు పొడవెక్కుతాయి. ముందు సరిపోయింది కదా అనుకోకుండా పోటీ ముందు రోజు మళ్లీ కట్టి చూడాలి.

వెనక ప్యాచ్ మీద ఇంటిపేరు, దేశం కోడ్ ఉంటాయి. దీన్ని జూడోగి ముడుత పూర్తయ్యాకే కుట్టించాలి. ముందే కుట్టేస్తే కింద గుడ్డ ముడుచుకుంటుంది, ప్యాచ్ ముడుచుకోదు, వీపు మీద బుడగలా లేస్తుంది. ఆ లేచిన అంచు ప్రత్యర్థికి ఉచితంగా దొరికే పట్టు. నాలుగు వైపులా అంచు కుట్టు వేశాక మధ్యలో మూల నుంచి మూలకు ఇంకో వరస వేయించండి, కాలర్ కుట్టులోకి సూది పోకుండా చూడండి. ప్యాచ్ తయారై వచ్చేసరికి వారాలు పట్టొచ్చు. పేరులో ఒక్క అక్షరం అక్రెడిటేషన్ కార్డుతో తేడా ఉన్నా మళ్లీ మొదటికే వస్తుంది.

అల్టరేషన్ ప్యాంటు పొడవు తగ్గించుకోవడం వరకే. జాకెట్ స్లీవ్‌ను టైలర్ దగ్గర సరిచేయించాలనే ఆలోచన వచ్చిందంటే తప్పు సైజు కొన్నారని అర్థం. మార్చుకునే గడువు లోపల, ఉతకక ముందే, వెనక్కి పంపండి. ఇక్కడో చిక్కుంది: ఉతికితే గానీ అసలు కొలత తేలదు, ఉతికితే షాపు వెనక్కి తీసుకోదు. అందుకే ఏదో ఒక కంపెనీకి, ఒక కట్‌కు అలవాటు పడి, అది ఎంత ముడుచుకుంటుందో తెలుసుకుని అదే కొనడం తెలివైన పని. పోటీ ఏడాదిలో బ్రాండ్ మార్చడం అనవసరపు సాహసం.

గేమ్స్ విలేజ్‌లో నిర్వహణ. రెండు జూడోగిలు కలిపి సామాన్లో 4 కేజీల దాకా తింటాయి. విమానంలో కనీసం తెల్లదీ, నీలమూ చేతి సంచీలోనే పెట్టుకోండి. చెకిన్ బ్యాగు రాకపోతే రిజర్వ్ డ్రెస్సే గతి. ఒకే రోజు అయిదారు బౌట్లు ఆడాల్సి రావచ్చు, వ్యక్తిగత పోటీ అయ్యాక టీమ్ పోటీ కూడా ఉంటుంది. డ్రెస్ శుభ్రంగా, పొడిగా, వాసన లేకుండా ఉండాలన్నది కూడా నియమమే. చెమట ఎక్కువ తాగేది, చివరగా ఆరేది కాలర్. ఆగస్టులో కొరియా లాంటి ఉక్కపోత వాతావరణంలో గదిలో కొక్కేనికి తగిలిస్తే తెల్లారేసరికి కూడా కాలర్ తడిగానే ఉంటుంది. స్లీవ్‌ల గుండా కర్ర దూర్చి, చేతులు చాపినట్టు ఆరేసి, కాలర్‌కు ఎదురుగా ఫ్యాను పెట్టాలి. ఆరేసే ముందు పొడి తువ్వాలులో చుట్టి అదిమితే సగం నీళ్లు పోతాయి.

రక్తం మరక పడితే చల్లటి నీళ్లు మాత్రమే, వేడి నీళ్లు తగిలితే మరక గుడ్డలో ఉండిపోతుంది. తెల్లదానికి 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలు వేసి నురగ ఆగాక కడిగితే పోతుంది. నీలం మీద అది వాడొద్దు, రంగు తినేస్తుంది. బ్లీచ్ రెండింటికీ పనికిరాదు, నూలు పోగు పెళుసెక్కి మొదటి గట్టి లాగుడుకే చిరుగుతుంది. మెత్తదనం కోసం కలిపే కండిషనర్లూ వద్దు. నీలాన్ని మొదటి ఉతుకుల్లో తెల్లదానితో కలిపితే తెల్లది లేత నీలమవుతుంది, కంట్రోల్‌లో ఆ రంగుకు చోటు లేదు. విలేజ్ లాండ్రీకి ఇచ్చేముందు డ్రయ్యర్ వేయొద్దని సంచీ మీద పెద్ద అక్షరాలతో రాయండి. ఇంకా మేలు, బాత్రూమ్‌లో మీరే ఉతుక్కోవడం.

మహిళలకు జాకెట్ లోపల పొట్టి చేతుల, గుండ్రటి మెడ ఉన్న తెల్ల టీ షర్ట్ కావాలి, ప్యాంటులోకి దోపుకునేంత పొడవుండాలి. వీటిని మూడు నాలుగు పెట్టుకోండి, ఒక్కో బౌట్‌కు ఒకటి తడుస్తుంది.

కాలేజీ స్థాయి, రాష్ట్ర స్థాయి పోటీలే లక్ష్యమైతే ఎర్ర లేబుల్ అవసరం లేదు. అదే కంపెనీల మధ్యరకం డ్రెస్ ఒకటి కొని, మిగిలిన డబ్బు ప్రయాణాలకు పెట్టుకోండి. దేశం తరఫున గేమ్స్‌కు పేరు వచ్చే అవకాశం ఉన్నవాళ్లు మాత్రం ఎంపిక జాబితా వచ్చేదాకా ఆగొద్దు. కొనడానికి, ముడుత ఆగడానికి, వాడి మెత్తబరచడానికి, ప్యాచ్ రావడానికి, కుట్టించడానికి కలిపి రెండు నెలలు ఇట్టే పోతాయి. జాబితా వచ్చాక అన్ని రోజులు ఎవరూ ఇవ్వరు.